తలుపు బయట ప్రార్థన

ట్రాయ్‌లో ఎక్కిన షికాగో రైల్లో, మూత్రంలో రెండోసారి రక్తం చూసుకుని బాత్రూం నుంచి బయటికొచ్చాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు.

నా తర్వాత లోపలికెళ్ళిన పెద్దాయన, తలమీద చిన్న టోపీ ఉన్న యూదుడు, చేతులు కడుక్కుని వచ్చి ఆ తలుపు పక్కనే కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతూ నిలబడ్డాడు. ఆయనకీ ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

“ఆర్ యూ ఓకే, సర్?”

“ఓకే కాబట్టే ప్రార్థన. ఒంట్లో తెరుచుకోవాల్సినవి తెరుచుకున్నాయి, మూసుకోవాల్సినవి మూసుకున్నాయి. వెళ్ళొచ్చిన ప్రతిసారీ దేవుడికి థాంక్స్ చెప్తాం,” అన్నాడు.

మా ఇంట్లో బాత్రూంకి వెళ్ళొస్తే, కాళ్ళు కడుక్కునేదాకా దేవుడి గది వైపు రానిచ్చేవారు కాదు.

ఇప్పటికీ వెళ్ళిన ప్రతిసారీ భయంభయంగా ముందు రంగు చూస్తాను. బయటికొచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే దండం పెట్టుకుంటాను.