మా పెదమావ ఏ పరీక్షా పాసవలేదు

పత్రిక చదివే అమ్మలకూ అయ్యలకూ నమస్కారాలు. నా దస్తూరి బాగుండదు. తప్పులు కూడా చాలా ఉంటాయి, మన్నించి దిద్దుకుని చదవండి. పుట్టింట్లో మూడో తరగతి దాకా చదివాను. తక్కినదంతా మా పెదమావ దగ్గర నేర్చుకున్నదే. ఆయన ఈ మార్గశిరంలో పోయారు. మూడు రోజులు జ్వరం. నాలుగో రోజు పొద్దున్నే గంజి తాగి, గిన్నె పక్కన పెట్టి, గోడకు జారబడ్డారు. అంతే, మళ్ళీ కళ్ళు తెరవలేదు.

పెదమావ అంటే మా మామగారి అన్నగారు. బర్మాలో ఇరవై ఏళ్ళు ఇంగ్లీషు నేర్పి వచ్చిన మనిషి. కాలేజీ గుమ్మం ఎక్కలేదు. మెట్రిక్యులేషను కూడా లేదు. అందుకని ఆయనను మేష్టారు అనకూడదని పదో రోజు కర్మనాడు మా వాకిట్లోనే ఒక పెద్దమనిషి అన్నారు. ఆ మాటకు జవాబుగానే ఇది రాస్తున్నాను.

ఆయన పోయేనాటికి మా అరుగు మీద ఏడు పలకలున్నాయి. మా ఊరివాళ్ళు ఐదుగురు, డొంకూరు నుంచి వచ్చిన, సముద్రంలో చేపలవేటకు పోయేవాళ్ళు ఇద్దరు. వచ్చే స్టీమరుకు బారువ రేవులో ఎక్కి రంగం వెళ్ళవలసినవాళ్ళు. రంగూనును మేము రంగం అంటాము. వాళ్ళ చదువు సగంలో ఉంది. స్టీమరుకు నెల రోజులే ఉంది.

పెదమావ సంగతి మొదటి నుంచి చెప్పాలి. టెక్కలి బడిలో రెండో ఫారం చదువుతూండగా తండ్రి పోతే చదువు మానేశారు. పదిహేడో ఏట, బర్మాకు కూలీలను కుదిర్చే ఒక మేస్త్రీ వెంట స్టీమరెక్కారు. ఎక్కేముందు అందరి చేతా ఒక ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్రలు వేయించారు. పెదమావకు సంతకం వచ్చు. కూడబలుక్కుని ఇంగ్లీషు చదవడమూ వచ్చు. అయినా ముందున్నవాళ్ళంతా వేలు ముంచితే తానూ ముంచారు. బియ్యం మిల్లులో ఒక్క ఏడాది అని మేస్త్రీ నోటితో చెప్పాడు. కాగితంలో మూడేళ్ళు, ఎక్కడికి పంపితే అక్కడికి అని ఉంది. ఆయన రంగం కాక మోల్మీను అనే మరో ఊళ్ళో, కలప అడితిలో తేలారు. ఆ కథ చెప్పినప్పుడు ఆయన మేస్త్రీని తిట్టేవారు కాదు.

“నాకు అచ్చరాలు వొచ్చునమ్మా, అడగడం రాదు. అడగడం రానోడికి అచ్చరాలుండి ఏటి లాబం?” అనేవారు.

ఆ అడితిలోనే ఆయన బడి మొదలైంది. మధ్యాహ్నం కూలీలు అన్నం తినే వేళ, కోసిన చెక్కల మీద బొగ్గుతో రాసి నేర్పేవారట. సాయంత్రానికి ఆ చెక్కకు చిత్రిక పట్టేస్తారు, పాఠమంతా పొట్టుగా రాలిపోతుంది. “రేపు సూద్దాం అనుకోడానికి నేదు. రేపు ఆ సెక్కే ఉండదు గదా. అందుకే మావోలు ఏ పాఠం ఆ పూటే నేర్సీసుకునేవోరు” అని నవ్వేవారు.

ఆయన ఎప్పుడూ అక్షరాలతో మొదలుపెట్టలేదు. మొదట మూడు మాటలు నేర్పేవారు. ‘రీడ్ ఇట్ టు మీ’ అంటే నాకు చదివి వినిపించండి అని. ‘వాట్ ప్లేస్’ అంటే ఏ ఊరు అని. ‘ఐ విల్ థింక్’ అంటే ఆలోచించుకుంటాను అని. ఈ మూడూ నోటికి, సంతకం చేతికి తడబడకుండా వచ్చేదాకా శిష్యుడి కుడి బొటనవేలికి ఒక కొబ్బరిపీచు తాడు చుట్టి ముడి వేసేవారు. ఎవరైనా కాగితం చాపితే ముందు ఆ తాడు కంటబడాలి, వేలు ముంచేముందు అడగాలని గుర్తుకు రావాలి. సంతకం పెట్టడం వచ్చిన రోజున తానే ముడి విప్పేవారు.

తెలుగువాళ్ళ తరువాత ఒరియావాళ్ళు వచ్చారు, ఆ తరువాత బర్మావాళ్ళు. చివరకు అడితి యజమాని తన ఇద్దరు కొడుకులనూ పంపాడు. ఆ ధైర్యంతో పెదమావ అక్కడి ఒక దొరల బడిలో పని అడగడానికి వెళ్ళారు. ఏ కాలేజీలో చదివావని దొరసాని అడిగింది.

“ఏ కాలేజీ నేదమ్మగారూ అన్నాను. అదిగో, గేటు కాడ ఎండలో నిలబడ్డోలు నా పిల్లలు. నన్నెందుకు, ఆలని పిలిసి అడగండి అన్నాను. అడగనేదు. తలుపేసీసింది. నష్టం ఆవిడకే” అని ఆ కథ ముగించేవారు. ఆయన గొంతులో బాధ ఉండేది కాదు. అరటిపండు తొక్క తీసి పారేసినట్టు చెప్పేవారు.

మోకాళ్ళు పట్టేశాక మా ఊరు వచ్చారు. జలంత్రకోటకు దగ్గర, కొబ్బరి తోటల మధ్య ఊరు మాది. రంగం లుంగీ, ఒక పెద్ద గొడుగు, తేయాకు డబ్బా తెచ్చుకున్నారు. ఆ తేనీరు బెల్లంతో కాచి ఇస్తే తప్ప పాఠం మొదలయ్యేది కాదు. మా అత్తగారు దాన్ని రంగం కషాయం అనేవారు. ఆయన ఎప్పుడూ పీట వేసుకోలేదు. కిందనే కూర్చునేవారు. పైన కూర్చుంటే పక్కవాడి పలక కనబడదట. తాను తప్పు చెప్పినట్టు తరువాత తోస్తే, పొలంలో ఉన్నా సరే వెతుక్కుంటూ వెళ్ళి, “నిన్న నాను తప్పు సెప్పినాను, తుడిసెయ్యి” అనేవారు. ఒకసారి ఆ మాట చెప్పడానికే సోంపేట సంతకు నడిచి వెళ్ళారు. పాసయినవాళ్ళలో ఎంతమంది అలా నడుస్తారో నాకు తెలియదు.

నేను ఆయనతో మాట్లాడేదాన్ని కాదు. మామగారి అన్నగారి ఎదటికి కోడలు రాకూడదు. కొత్తగా కాపురానికి వచ్చిన నాకు మామూలుగానే నోరు పెగలదు. తలుపు వెనక బియ్యం చెరుగుతూ పాఠం వినేదాన్ని.

ఒక ఏడాది ఆయన శిష్యులను సాగనంపడానికి బారువ వెళ్ళి, మండిపడుతూ తిరిగి వచ్చారు. అరుగు మీద గొడుగు విసిరేశారు.

“ఏటయ్యింది పెదనాన్నా?” అని మా ఇంటాయన అడిగారు.

“ఏటవ్వాలి? తీరం మీద ఎవుల్ని సూసినా బొటనేలికి పీచుతాడే! నా కాడ ఒక్క పూట కూకోనోడికి కూడా! ఆడోలు కట్టేత్తన్నార్రా. పసుపు రాసి, గంగమ్మకి దణ్ణమెట్టి మరీ. సంద్రం మీద గండం రాకుండా కాత్తాదట. పెదమేష్టారు మంత్రించిన తాడట!”

మా ఇంటాయన నవ్వు ఆపుకోలేక దూలం వైపు చూశారు. తలుపు వెనక నేను పైట నోట్లో కుక్కుకున్నాను. ఎందుకంటే రెండు రోజుల కిందట మా పుట్టింటి అన్నయ్య రంగం వెళ్తూంటే నేనూ అలాగే కట్టి పంపాను.

ఆయన చాలాసేపు తిట్టారు. తరువాత మాట నెమ్మదించింది. “ఆలని అని ఏటి లాబం? ఈ తాడు ఎందుకో ఆడోలకి నానెప్పుడు సెప్పినాను? మొగోలకే సెప్పినాను. తప్పు నాదే” అన్నారు. మర్నాడు గుమ్మం మీద ఒక పలక ఉంది. ఎవరికని ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు పెంచేవారు. నేను రాసి గడప మీద పెడితే, ఆయన దిద్ది మళ్ళీ అక్కడే పెట్టేవారు. రెండేళ్ళు అలా గడిచాయి. ఒక్కసారి మాత్రం, “గుంట బాగా రాత్తంది” అని అవతల ఎవరితోనో అన్నారు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల అని. ఆ రోజు పప్పులో ఉప్పు వేయడం మరచిపోయాను.

ఇక పదో రోజు సంగతి. భోజనాలయ్యాక, పలాస వైపు బడిలో పనిచేసే ఒక మేష్టారు, మా మామగారి స్నేహితులు, తాంబూలం వేసుకుంటూ అన్నారు. “మంచివాడే, కాదనను. కాని మేష్టారు అంటే ఎలాగండీ? పరీక్ష లేదు, పట్టా లేదు. ఆ ఇంగ్లీషు ఉచ్చారణ వింటే నాకు నవ్వొచ్చేది. అలాంటివాళ్ళు పరాయి దేశంలో నేర్పామంటే మాబోటి చదువుకున్నవాళ్ళకు తలవంపులు.”

మా మామగారు ఆ మాటకు తల ఊపారు. పలకలు ఎవరివి వాళ్ళకిచ్చేసి అరుగు ఖాళీ చేయమన్నారు, కొబ్బరికాయలు పోయించాలట. ఆ ఏడుగురిలో పెద్దవాడు, డొంకూరాయన, వాకిట్లో గొంతుకూర్చుని ఉన్నాడు. లేచి దణ్ణం పెట్టాడు.

“బాబూ, ఇరవై రోజులే ఉంది. మేస్త్రీ కాయితం అట్టుకుని వొచ్చెత్తాడు. సగం సదువుతోటి ఏటి సెయ్యగలం? తమరు నేర్పుతారేటి?”

“నాకు వీలుపడదయ్యా” అన్నారు పలాస మేష్టారు.

“మరెవులు నేర్పుతారు?”

పలాస మేష్టారు మరో ఆకుకు సున్నం రాసుకున్నారు. ఆ ఏడుగురూ పెదమావలాగే వేలు ముంచుతారు, ఎక్కడ తేలుతారో ఎవరికీ తెలియదు. నేను గడప దాటాను.

“నాను నేర్పుతాను” అన్నాను.

“ఓలమ్మో! ఈ గుంటకి గొంతుందేటే!” అన్నారు మా అత్తగారు.

మా మామగారి మొహం నల్లబడింది. “ఏటి పాసయ్యేవని నేర్పుతావు?”

“పెదమావ ఏటి పాసయ్యారో నానూ అదే పాసయ్యాను.”

అన్నది నేనేనా అని ఇప్పటికీ అనుమానమే. పలాస మేష్టారు పకపకా నవ్వారు. మరెవరూ నవ్వలేదు. డొంకూరాయన తన పలక తెచ్చి నా కాళ్ళకు కాస్త దూరంలో, ఎంతో జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. మా ఇంటాయన లోపలికి వెళ్ళి తేయాకు డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టారు. మా మామగారు కండువా దులుపుకుని తోటలోకి వెళ్ళిపోయారు. కొబ్బరికాయలు మాత్రం అరుగు మీదకు రాలేదు.

మొదటి రోజు నేను గోడ వైపు తిరిగి పాఠం చెప్పాను. రెండో రోజు సగం తిరిగాను. ఒకసారి తప్పు చెప్పి, ఆ తప్పు నాకే తెలిసి, తుడిచేయమన్నాను. “ఇది అచ్చం మేష్టారి బడే” అన్నాడు వాళ్ళలో ఒకడు.

పద్దెనిమిదో రోజున మేస్త్రీ వచ్చాడు, కాగితాలూ సిరాదిండూ పట్టుకుని. ఏడుగురూ వరసగా నిలబడ్డారు. మొదట డొంకూరాయన అడిగాడు, చదివి వినిపించమని, ఇంగ్లీషులో. మేస్త్రీ నవ్వాడు. రెండోవాడు అడిగాడు. మూడోవాడూ అదే అడిగాడు. ఆ నవ్వు ఆగిపోయింది. చదవక తప్పింది కాదు. ఊరి పేరు రాయవలసిన చోట ఖాళీ ఉంది. ఏ ఊరని అడిగారు. చెప్పలేకపోయాడు. ఆలోచించుకుంటామన్నారు. తిట్టుకుంటూ వెళ్ళిన మేస్త్రీ మర్నాడు తిరిగి వచ్చి, ఆ ఖాళీలో రంగం మిల్లు పేరు రాశాడు. ఐదుగురు సంతకాలు పెట్టి స్టీమరెక్కారు. ఇద్దరు, అప్పటికీ నమ్మకం కుదరక, వెళ్ళడం మానుకున్నారు. వాళ్ళు చేసింది తప్పని నేను అనను.

ఇదీ పట్టా లేని మా పెదమావ నేర్పిన చదువు. ఆయన ఉచ్చారణలో తప్పులున్నాయేమో, ఉండనీయండి. ఆయనను మేష్టారు అనడానికి ఎవరి అనుమతీ నాకు అక్కరలేదు. అచ్చు వేసేవారికి ఒక్కటే మనవి. ఆ మాట ముందు మరో మాట ఏదీ చేర్చకండి. మేష్టారు అనే వేయండి.

ఇప్పుడు అరుగు మీద కొత్తవాళ్ళున్నారు. వెళ్ళినవాళ్ళ పెళ్ళాలు నలుగురు చంటిపిల్లలతో వస్తున్నారు. మగవాళ్ళ ఎదురుగా కూర్చోవడానికి సిగ్గు, మానడానికి మనసొప్పదు. అందుకని వాళ్ళకు వీపులు తిప్పి, తోట వైపు మొహాలు పెట్టుకుని కూర్చుంటారు. నేను ఒక మాట చెబితే మగవాళ్ళు నాతో అంటారు. ఆడవాళ్ళు కొబ్బరిచెట్లతో అంటారు, చెట్లు జవాబు చెప్పవలసి ఉన్నట్టు గట్టిగా.

నేను నేర్పడం మా మామగారు ఎలాగో సహిస్తున్నారు. పత్రికకు రాశానంటే సహించరు, నా దస్తూరి చూస్తే గుర్తుపడతారు. అందుకని చదివాక, అచ్చు వేసుకున్నా వేసుకోకపోయినా, ఈ కాగితాలు పొయ్యిలో పెట్టేయండి.