ముక్కలుగా గీసిన గీత

నా ఇనుప పెట్టె అడుగున ఒక కాగితం ఉంది. మడతల దగ్గర చిరుగుతోంది. ఇళ్ళు మారినప్పుడల్లా ఆ పెట్టె మోసినవాళ్ళెవరూ బరువుందని అనలేదు. బరువు నాకొక్కడికే. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఎరిగినవాళ్ళకు చెప్పబోయిన ప్రతిసారీ ఒప్పుకోలు బదులు వాదన వచ్చింది నా నోట. ఇప్పుడూ వస్తుందేమో. వస్తే పట్టుకోండి.

అరవైల మొదట్లో సంగతి. బెంగళూరు కలాసిపాళ్యంలో నాకొక షెడ్డు ఉండేది. మా నాయన కిటికీ చువ్వలు, గేట్లు చేసేవాడు. నేను వాటి నుంచి బస్సుల బాడీలకు వచ్చాను. నాలుగో తరగతితో నా బడి ముగిసింది. వెల్డింగు పక్కవాళ్ళను చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు, దండు అని పిలిచే కంటోన్మెంటు వైపు పాత కాగితాల అంగడిలో కొన్న మోటారు పత్రికల్లో బొమ్మల కింద చదివి నేర్చుకున్నాను. వీధిలో అందరూ నన్ను ఇంజనీరు అని పిలిచేవాళ్ళు. అందులో ఎగతాళి కొంత, మెప్పు కొంత. నేను మెప్పు మాత్రమే తీసుకున్నాను.

నంజప్ప అని ఒక కాఫీ తోటల యజమాని కొడుకు నా దగ్గరికి వచ్చాడు. పాతికేళ్ళవాడు. పైకప్పు లేని రెండు సీట్ల ఇంగ్లీషు కారు అతనిది. ఊరి బయట విమానాలు దిగని పాత రన్‌వే మీద రేసులు జరిగేవి. అలాంటి బండ్లకు డ్రైవరు తల వెనక ఇనుప కమాను ఉంటేనే రానిస్తామన్నారట. బండి బోల్తా పడినా తల నేలకు తగలకూడదు. ఇప్పుడు రోల్ కేజ్ అంటున్నారు. మేము పంజరం అనేవాళ్ళం. 'అయితే నన్ను చిలకను చేస్తారు' అని నంజప్ప కన్నడ యాస తెలుగులో నవ్వాడు.

నక్ష గీసింది రామాంజి. హిందూపురం వైపు నుంచి వచ్చి ఒక పెద్ద కార్ఖానాలో నక్షలు గీసే పనిలో చేరినవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. సెలవు దొరికితే నా షెడ్డులోనే కూర్చునేవాడు. కార్ఖానా కాగితం మీద, కార్ఖానాకు తెలియకుండా, మూడు వారాలు గీశాడు ఆ పంజరాన్ని. బండి తిరగబడితే బరువు ఏ గుంజ మీదికి ఎట్లా పోతుందో లెక్క వేశాడు. కాగితం ఒక్కటే. నకలు లేదు.

సీట్ల వెనక రెండు గుంజలు, పైన వంపు. గుంజల కింది సగం రేకు గోడ వెనక దాగిపోతుంది. అక్కడ ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా ఒక పైపు. దాన్ని మాత్రం ముక్కలు ముక్కలుగా గీశాడు. చూశాను. చూడలేదని అనను. ఇళ్ళు కట్టే మేస్త్రీలు చువ్వల కోసం మాకిచ్చే నక్షల్లో అట్లాంటి గీతలు ఉండేవి. తర్వాతెప్పుడో కట్టబోయే మేడ గదికి గుర్తు అవి. ఇప్పటి పని కాదు. ఇదీ అంతే అనుకుని ఆ పైపు వేయకుండా వదిలేశాను. అనుమానం రాలేదా? వచ్చింది. అడగడానికి నిమిషం పట్టేది. ఇంజనీరు అడుగుతాడా?

పైపుల్లో ఎండిన ఏటి ఇసుక కూరి, కాల్చి వంచాను. ఒక్క నొక్కు పడలేదు. రేకు గోడ బిగించి ఎర్రరంగు వేశాను. వీధంతా వచ్చి చూసింది.

రేసు ఆదివారం. శుక్రవారం పొద్దున రామాంజి వచ్చాడు. పక్క షెడ్డు మునిరత్నం ఏదో నీళ్ళ పంపు బొమ్మ తెచ్చి అతని ముందు పరిచాడు.

"ఏమప్పా, ఈ గీతేంది, చీమలు కొరికినట్ల తునకలు తునకలుగా ఉండాది?"

"అది లోపలుండే భాగమన్నా. బయటికి కనపడదు గాని ఉండాది. కనపడనిదాన్ని అట్లనే గీస్తారు."

"కనపడనిదాన్ని గీసేదేంది! మీ చదువుల్లో మన్ను పడ! మన ఇంజనీరును అడిగింటే పోయేది, ఆయప్పకు అన్నీ తెలుసు."

రామాంజి నవ్వి నా వైపు తిరిగాడు. "అన్నా, పంజరం అంతా నక్ష ప్రకారమే వచ్చిందా?"

"నక్ష ప్రకారం గాక నా ఇష్టానికి చేస్తానా? నీ గీతల కంటే నా పైపులే నేరుగా ఉండాయి, పోయి చూడు."

ముగ్గురం నవ్వాం. నా నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది నాకు.

రేకు విప్పి ఆ పైపు వేయడం ఒక పూట పని. పైపు ముక్క షెడ్డు గోడకు ఆనించే ఉంది. వేసి ఉండొచ్చు. వేస్తే మునిరత్నం చూస్తాడు, రామాంజి అడుగుతాడు, గీత చదవడం రానివాడు ఇంజనీరేమిటని వీధి అంటుంది. ఒక మనిషి ప్రాణం ఒక వైపు, ఆ పిలుపు ఒక వైపు. నేను రంగు డబ్బా మూత బిగించాను.

ఆదివారం మలుపులో బండి జారింది, పక్కకు లేచింది, బోర్లాపడింది. పంజరం విరగలేదు. ఆ ఏటవాలు పైపు లేక, కాళ్ళు వదులైన మంచంలా మొత్తంగా ఒక పక్కకు ఒరిగిపోయింది. దాని కింద నంజప్ప కుడి భుజం. ప్రాణం దక్కింది. ఆ చేయి మళ్ళీ ఎదను దాటి పైకి లేవలేదు. అతను మళ్ళీ బండి నడపలేదు.

బండిని నా షెడ్డుకు లాగి తెచ్చారు. వెనకే రేసు పెద్దలు వచ్చారు. రేకు చిరిగి లోపల కనపడుతోంది. ఏటవాలు పైపు ఏదని అడిగారు. నక్షలో లేదన్నాను. నక్ష ఏదన్నారు. కొలిమిలో పడి కాలిపోయిందన్నాను. అది నా చొక్కా లోపలి జేబులో ఉంది. వాళ్ళు నా అతుకులను వేళ్ళతో తడిమి చూశారు. ఒక్కటీ విడలేదు. పని బాగుంది, గీసినవాడిదే తప్పన్నారు. జీవితంలో మొదటిసారి చదువుకున్నవాళ్ళు నా పనిని మెచ్చుకున్నారు. అదీ ఆ రోజున.

రామాంజి అక్కడే ఉన్నాడు. గీశానని అరుస్తాడని ఎదురుచూశాను. అరిస్తే ఏం చేసేవాణ్ణో తెలియదు. అతను అరవలేదు. తన వేళ్ళను చూసుకున్నాడు.

"నేను గీయలేదా అన్నా?"

"లేదప్పా."

ఇంతే నేను చేసింది. రెండు ముక్కల మాట.

కాగితం సంగతి కార్ఖానాకు తెలిసి అతని పని పోయింది. నాలుగైదేళ్ళకు రాష్ట్రం సరిహద్దు దగ్గరి అత్తిబెలెలో కనిపించాడు, చెక్‌పోస్టు దగ్గర ఒక లారీల కంపెనీలో చీటీలు రాస్తూ. టీ ఇప్పించాడు. నాకు! "గీసినట్లే గుర్తుండాదన్నా, కానీ నా గుర్తును నేనే నమ్మను. ఇంటికి గొళ్ళెం పెట్టినానా అని మూడుసార్లు ఎనక్కి పోయి చూస్తా. నా పెండ్లాం నగుతాది" అన్నాడు. నా బస్సు వచ్చింది. ఎక్కాను.

నాకు కోపం. ఆ గీతలకు అర్థం తమలో తామే చెప్పుకుని, మాలాంటివాళ్ళకు చెప్పకుండా పుస్తకాలు రాసుకున్నవాళ్ళ మీద. అడగనివ్వని ఆ పిలుపు మీద. నన్ను నమ్మిన రామాంజి మీద కూడా ఎన్నో ఏళ్ళు కోపం. ఒక్కసారి రేకు విప్పి చూడొచ్చు కదా! చూశారా, వాదన వచ్చేసింది. తెలియకపోవడం శుక్రవారం పొద్దుటి దాకానే. ఆ తర్వాతదంతా తెలిసి చేసిందే.

అత్తిబెలెకు మళ్ళీ వెళ్ళి వెతికాను. రామాంజి అక్కడ లేడని గట్టిగా తెలిశాకే వెళ్ళాను. అదీ చెప్పాలి మీకు.

ఈ పొద్దు కాగితం విప్పి బల్ల మీద పరిచాను. మడతలు పసుపు పచ్చబడ్డాయి. పెన్సిలు మాత్రం చెక్కు చెదరలేదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు, ముక్క తర్వాత ముక్క, ఒకే పొడుగున, ఎక్కడా చేయి వణకకుండా ఉంది ఆ గీత. ఒక చేతి వేలు దాని మీద పెట్టి ఇది మీకు రాస్తున్నాను. వినేవాడు లేడు, అయినా ఇన్నేళ్ళకు నోటితో ఒకసారి అన్నాను.

గీశావు రామాంజీ. నువ్వు గీశావు.