మిద్దె మీద ఇసుక మూటలు

మొన్న మధ్యాహ్నం భోజనమై కాస్త నడుం వాల్చానో లేదో, మనవరాలి చేతిలోని ఫోను ఉన్నట్టుండి కీచుమని అరిచింది. బంగాళాఖాతంలో వాయుగుండం కాస్తా తుఫానుగా మారిందట, ఎల్లుండికి తీరం దాటుతుందట. ఆ పిల్ల నా కళ్లద్దాలు వెతికి తెచ్చి మరీ అందులోని బొమ్మ చూపించింది. నీలి సముద్రం మీద తెల్లటి సుడి ఒకటి తిరగలి తిరిగినంత నిదానంగా తిరుగుతోంది, దాని నడుమ చిన్న చిల్లు. అది తుఫాను కన్నట! తుఫానుకు కన్నుంటుందని తెలియడానికి నాకు ఎనభై ఏళ్లు దాటవలసి వచ్చింది. కానీ తుఫాను ఎట్లా నడిచి వస్తుందో, వచ్చేముందు సముద్రం ఏం చేస్తుందో, గాలి ఎటు నుంచి తిరుగుతుందో నాకు పదిహేడో ఏటనే తెలుసు. సముద్రపు వాసన కూడా సోకని కర్నూలులో, ఒక మట్టి మిద్దె కింద కూర్చుని తెలుసుకున్నాను.

నేను పుట్టింది పత్తికొండ దగ్గర ఒక నల్లరేగడి పల్లెలో. మా వైపు మబ్బులు పెళ్లిచూపులకు వచ్చి, పెట్టినవన్నీ తిని, ఏ కబురూ చెప్పకుండా పోయే చుట్టాల్లాంటివి. అందుచేత ఆకాశం చూడటం మాకు వేడుక కాదు, బతుకు. పెళ్లై కర్నూలు వచ్చినా నాకా అలవాటు పోలేదు. అత్తవారిది మట్టి మిద్దె ఇల్లు; మామగారికీ మా ఆయనకూ బజారులో బెల్లం, చింతపండు అంగడి. దూలాల మీద అడ్డంగా దంతె కర్రలు, వాటి మీద కంప, ఆపైన మన్ను, అన్నిటికీ పైన నీళ్లు దిగకుండా చౌడు మట్టి, సీమ మిద్దెలు ఎట్లా ఉండేవో నా ఈడు వాళ్లకు చెప్పనక్కర లేదు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పరిచేవాళ్లం. ఆ పని ఉన్నా లేకపోయినా నేను నిచ్చెనెక్కి తూర్పు దిక్కు చూసి వచ్చేదాన్ని. మా అత్త కింద నుంచే కేకేసేది. "యాడికి మే, పొద్దస్తమానం మిద్దెక్కుతాండావు? కొత్త కోడలు మబ్బులు లెక్కబెడతాంటే ఈదిలో నవ్వరా?" అనేది. అనేది గానీ, నేను దిగిరాగానే "ఏమన్నా కనపడెనా?" అని మెల్లగా అడిగేది కూడా ఆమే.

కర్నూలు రాజధాని అయిన కొత్త అది. కచేరీలకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు, కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులు కొందరు గుడారాల్లోనే కాపురాలు పెట్టారు, మా ఎండలకు ఉడికిపోయి అద్దె గదుల కోసం ఊరంతా తిరిగారు. మా ఇంటికి తూర్పున విడిగా ఉన్న గదిలో అట్లా దిగిందొక జంట. ఆయన కచేరీలో గుమాస్తా. ఆమె నాకంటే రెండు మూడేళ్లు పెద్ద, అక్కయ్యా అని పిలిచేదాన్ని. ఆమె పుట్టిల్లు బందరుకు అవతల, అరుగు మీద కూర్చుంటే సముద్రం కనపడేంత దగ్గర. చిన్నప్పుడే తల్లి పోయింది. మా ఇంట్లో దిగేనాటికే కడుపుతో ఉంది. పురిటికి పోవడానికి ఇల్లైతే ఉంది గానీ చేసే చెయ్యి లేదు. ఆ సంగతి విని మా అత్త, "అద్దెకొచ్చినోళ్లయితే ఏమి, ఈడనే కనమను, నేను చేస్తా" అని తేల్చేసింది. అన్నట్టే దసరా వెళ్లిన కొన్నాళ్లకు ఆ గదిలోనే ఆడపిల్ల పుట్టింది.

బాలింతకు పత్యం తీసుకుపోవడం నా పని. అక్కయ్యకు మాటలు ఎక్కువ, నాకు ప్రశ్నలు ఎక్కువ, ఇంకేం కావాలి, మిరియాల చారు చల్లారిపోయేది. సముద్రం తుంగభద్రకు ఎన్నింతలుంటుంది అని అడిగితే ఆమె పడీపడీ నవ్వి, అవతలి ఒడ్డు లేని నదిని ఊహించుకోమంది. నాకు ఊహకు రాలేదు. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది ఆమె చెప్పిన తుఫాను. అది గాలితో మొదలు కాదట. ముందు గాలి పూర్తిగా పడిపోతుంది, ఆకు కదలదు, ఒంటికి జిడ్డు పడుతుంది. గాలే లేని ఆ సముద్రంలో ఎక్కడి నుంచో పొడుగాటి అలలు లేచి వచ్చి ఒడ్డును బరువుగా మోదుతాయి, రోకటిపోటు విన్నట్టుంటుంది. పొద్దుగూకేవేళ ఆకాశమంతా రాగి చెంబు రంగు. పిట్టలు ఊళ్లోకి వచ్చేస్తాయి. బెస్తవాళ్లు పడవలను సరుగుడు తోపుల దాకా లాక్కుపోతారు. ఆ తర్వాత సముద్రానికీ ఆకాశానికీ మధ్య ఉండే గీత చెరిగిపోతుంది, అప్పుడు మొదటి ఈదర గాలి కొడుతుంది. అంతవరకూ వాళ్ల నాన్న పిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి చూపించేవాడట. తాటిచెట్ల తలలన్నీ ఒకే వైపుకు వంగాయంటే ఇక లోపలికి తోలి తలుపు గడియ పెట్టేసేవాడట. ఒకసారి వాళ్ల తాటాకు కప్పు పొంగే కుండ మీది మూకుడులా లేచిపోయింది. అది మొదలు తుఫాను అన్నప్పుడల్లా కప్పు మీద మోకులు బిగించి, ఇసుక మూటలు వరసగా పెట్టడం ఆ ఇంటి అలవాటు.

బిడ్డకు ఇంకా బొడ్డు ఊడలేదు. ఒకనాడు గుమాస్తా సాయంత్రం కచేరీ నుంచి వస్తూనే, కోస్తాలో పెద్ద తుఫాను పడబోతోందని తంతి వచ్చింది అన్నాడు. నేను అత్త కళ్లుగప్పి మిద్దెక్కాను. తూర్పున మబ్బు ఉంది. మా ఊళ్లో ఉరుములతో పొంగి వచ్చే నల్లమబ్బు కాదు, సన్నటి బూడిద రంగు పోగులు, ఒకదాని వెనక ఒకటి తూర్పు నుంచి పడమటికి పరుగు తీస్తున్నాయి. గాలి ఆగి ఉంది. అక్కయ్య చెప్పినట్టే ఒంటికి జిడ్డు! నా ఒళ్లు జలదరించింది, భయంతో కాదు, ఎంతో పెద్దదాని కొసను వేలితో తాకినట్టు. వీధిలో మాత్రం పండగలాగుంది. రెండేళ్ల కరువు మరి. "ఆడ తుఫానంటనే, ఈడ మనకు వానంట" అని జనం ఒకరికొకరు చెప్పుకుని సంబరపడ్డారు. అక్కడ ఒకరి కప్పు ఎగిరితే ఇక్కడ మా నాన్న చేలో జొన్న మొలుస్తుందన్న సంగతి నాకు ఆనాడే తట్టి, ఎందుకో తలెత్తి అక్కయ్య మొహం చూడలేకపోయాను.

ఆమె పరిస్థితి వేరు. తంతి మాట విన్నప్పటి నుంచి వణుకు. మొగుణ్ణి కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు, కప్పు మీద బరువు పెట్టమంటుంది. ఇది తాటాకు కాదు, మట్టి మిద్దె, దీన్ని ఏ గాలీ లేపదు అని మేం ఎంత చెప్పినా ఆమె చెవికెక్కలేదు. చివరికి మా అత్తే దారి చూపింది. "దడుపుకు పాలు ఎగిరిపోతాయి. ఆ మూటలేవో పెట్టుకోనీ, బాలింత మాట వింటే పోయేదేముంది మనకు" అని అంగడి నుంచి ఖాళీ గోనెసంచులు కూడా తెప్పించి ఇచ్చింది. పాపం ఆ గుమాస్తా, కలం తప్ప పట్టి ఎరుగడు, మర్నాడు హంద్రీ ఇసుక మూటలు భుజాన మోసి నిచ్చెనెక్కి, గది మీద చుట్టూ పేర్చాడు. అక్కయ్య అప్పటికి కుదుటపడి బిడ్డకు పాలిచ్చింది. మా ఇంట్లో అందరం ఒక మంచి పని చేశామనే అనుకున్నాం.

ఆ సాయంత్రమే చినుకు మొదలైంది. మా సీమ వాన ఎప్పుడూ తిట్టిపోసి వెళ్లిపోయే వానే. ఇది అట్లా కాదు, ముసురు. గాలి పెద్దగా లేదు, కానీ తెరిపి అన్నదే లేదు. మర్నాడు మగవాళ్లు బెల్లం తడవకుండా చూసుకోవడానికి అంగడికి పోయారు, గుమాస్తా కచేరీకి పోయాడు. పొయ్యి దగ్గర పని ముగించి, తుఫాను తోక ఎట్లా ఉంటుందో చూడాలనిపించి, గోనెసంచి కొప్పెర తలకు వేసుకుని మళ్లీ నిచ్చెనెక్కాను. ఆకాశం వైపు చూడనే లేదు. అక్కయ్య గది మీద చెరువు నిలబడి ఉంది! మిద్దె వాలు చివర నీళ్లు కిందికి దూకే రాతి దోనె ఉంటుంది కదా, మూటలు ఆ దోనెకే అడ్డంగా కూర్చున్నాయి. ఒక మూట పట్టి లాగాను. నీళ్లు తాగి బండలా ఉంది, కదల్లేదు. కాలి కింద మన్ను మెత్తగా, ఉడికిన సంగటిలా ఊగింది. దిగానో దూకానో గుర్తు లేదు, "అత్తా, మిద్దె!" అని అరిచాను.

మా అత్తకు అంతకంటే చెప్పక్కర లేకపోయింది. పరుగున పోయి గది తలుపు తడితే, లోపల గడియ! అక్కయ్య తియ్యనంటుంది. "తలుపు తియ్యమనకండి పిన్నిగారూ, గాలి లోపలికొస్తే కప్పు లేచిపోతుంది" అని లోపలి నుంచి ఏడుపు. వాళ్ల ఊళ్లో అదే మరి. తుఫానులో తలుపు తీసినవాడే ఇల్లు పోగొట్టుకుంటాడు. మా అత్త రెండు చేతులతో తలుపు బాదింది. "లేసే కప్పు కాదు తల్లీ ఇది, కూలే కప్పు! పైన చూడు, మన్ను రాలుతాండాదా లేదా చూడు!" పైకి చూసిందేమో, గడియ ఊడింది. నెలరోజులు బయటి గాలి సోకరాదని తలుపు సందుల్లో గుడ్డలు కుక్కిన మా అత్త, అదే అత్త, బిడ్డను లాక్కుని తన చీర కొంగులో చుట్టుకుని వానలోకి దూకింది. నేను అక్కయ్య రెక్క పట్టుకున్నాను. పశువుల కొట్టానికి మాత్రం పైన బండల కప్పు. అందులోకి పోయి, బర్రెను పక్కకు తోసి నిలబడ్డాం.

గది మా కళ్లముందే కూలింది. నేను అనుకున్నంత శబ్దమేమీ లేదు. పెద్ద గొడ్డు పడుకోబోతూ మూలిగినట్టు ఒక దూలం మూలిగింది, ఆ తర్వాత మన్నంతా నిదానంగా లోపలికి జారింది. ఉయ్యాల కట్టిన చోట మట్టి దిబ్బ లేచింది. అక్కయ్య దాన్ని చూసి, తన నోటితోనే ఆ మూటలు పెట్టించానని, కన్నబిడ్డను తానే పూడ్చబోయానని తల బాదుకుంది. మా అత్త ఆ చేతులు పట్టుకుని ఆపింది. "నీ తప్పేమీ లేదు మే. మీ ఊర్లో గాలి దొంగ, మా ఊర్లో నీళ్లు దొంగ. నీకు మా దొంగ తెలీదు, నాకు మీ దొంగ తెలీదు. సంచులు ఇచ్చింది నేను కాదా?" అంది. కబురు విని గుమాస్తా తడుస్తూ పరుగెత్తుకొచ్చి, కూలిన గది చూసి వాకిట్లోనే కూలబడి గొల్లుమన్నాడు. "ఏడవద్దప్పా, ఈడ ఉండారు ఇద్దరూ, బర్రె పక్కన!" అని మా అత్త కొట్టంలోంచి కేకేస్తే, ఆ మనిషి ఒకేసారి ఏడ్చి నవ్వడం నేను చూశాను. బిడ్డ ఇవేమీ పట్టనట్టు కొంగులో నిద్రపోయింది. ఆ పురుడు మిగతా రోజులన్నీ మా నడింట్లో, మా అత్త మంచం పక్కనే గడిచింది.

తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది, గుడారాలు ఎత్తేశారు, అక్కయ్య వాళ్లూ వెళ్లిపోయారు. బండి కదిలినప్పుడు మా అత్త ఏడ్చినట్టు నా పెళ్లిలో మా అమ్మ కూడా ఏడవలేదు. మామగారు ఆ గదికి సిమెంటు కప్పు వేయించారు, కొన్నేళ్లకు ఇల్లంతటికీ అదే వేశారు. చుక్క కారలేదు. చౌడు పరిచే పని లేదు, మిద్దెక్కే పని లేదు, ఆకాశం చూసే పనీ లేకుండా పోయింది. ఇప్పుడు మేముంటున్నది కల్లూరు వైపు లేచిన అపార్టుమెంటులో. తుఫాను ఎక్కడుందో, ఏ గంటకు ఎక్కడికి వస్తుందో పసిపిల్లల చేతిలో కూడా ఉంది, అది మంచికే, ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో. నేనేమీ పాతకాలమే గొప్పదని వాదించను. పాతకాలం మా అక్కయ్యను మట్టిలో కలపబోయింది.

అయినా మొన్న ఫోను అరిచినప్పటి నుంచి మనసు ఒక చోట నిలవడం లేదు. మా కింది వాటాలో దసరా నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తోంది. ఆ తల్లికి పత్యం ఎవరు పెడుతున్నారో తెలియదు. పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో, అది కూడా నాకింకా తెలియదు.