కొండ పైపు చివరి జాయింటు

పినపాక దాటి మా ట్రక్కు అడవిలోకి దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఏప్రిల్ ఎండ. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్ల కింద నేల ఊడ్చి ఉంది. క్యాంపు ఒక గుట్ట అంచున. ఇసుక బస్తాలు, రేకుల షెడ్లు, ముళ్లతీగ, ఒక నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. సామాను దించకముందే సెక్షన్ కమాండర్ నన్ను పిలిచాడు. రైఫిల్ అందరికీ ఉంది. సుత్తి, ఉలి ఉన్నది నాకే. మా బలగంలో పైపుల పని వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ముందు నీళ్ల సంగతి చూడమన్నాడు.

నీళ్లు పైకొండ ఊట నుంచి రావాలి. ఎప్పుడో కలప డిపో కోసం వేసిన పోత ఇనుప పైపు అది. జాయింట్లన్నీ కారిపోయి, ట్యాంకుకు చేరేది చిటికెన వేలంత ధార. మాకంటే ముందొచ్చి వాగు నీళ్లు తాగిన మావాళ్లలో సగం మందికి విరేచనాలు. పైగా వాగు దారిలో మందుపాతర పెట్టారని సమాచారం. డిటెక్టర్ ముందు నడవందే ఆ దారిలో మేం కాలు మోపేవాళ్లం కాదు.

ఇలాంటి జాయింటును మామూలుగా కరిగించిన సీసం పోసి మూస్తారు. తడి తగిలితే అది పేలి మొహాన పడుతుంది. ఇక్కడేమో ఊట ఆగదు, పాత వాల్వు పట్టదు. అందుకే సీసం ఉన్ని తెప్పించారు. పేరుకే ఉన్ని. సన్నటి సీసం పోగులను పేనిన బరువైన జడ. ముందు సందులో జనపనార కూరాలి. దాని మీద జడను చుట్టు తర్వాత చుట్టు పెట్టి, ప్రతి చుట్టునూ మొద్దు ఉలితో కొట్టి బిగించాలి. తొందరపడి రెండు చుట్లు ఒకేసారి కొట్టామా, లోపల బోలు మిగిలి మళ్లీ కారుతుంది. అరచేతులు బొబ్బలెక్కాయి. కిందికి ఒక్కో జాయింటూ మూసుకుంటూ వచ్చాను.

చివరిది గూడెం పక్కన. దాన్ని చూసి నా ప్రాణం ఉసూరుమంది. గూడెంలో బోరింగు ఎండిపోయింది. ఆ జాయింటు కారి గుంటలో నిలిచిన నీళ్లే వాళ్లకు దిక్కు. జోగమ్మ అనే కోయ ముసలావిడ అక్కడ బిందె ముంచుతోంది. ఇంట్లో కోడలు పచ్చి బాలింత అట.

వైర్‌లెస్‌లో కమాండర్‌ను అడిగాను, గూడేనికి ఇక్కడో నల్లా పెడదామని.

"నల్లా పెట్టే అధికారం నాకు లేదు. పైకి రాస్తా. ఈలోగా మూసెయ్. ఓవర్."

వైర్‌లెస్ విసురుగా పక్కన పెట్టాను. కానీ షెడ్డులో మావాళ్లు సెలైన్ల మీద ఉన్న మాటా నిజమే.

జోగమ్మకు చెబుదామని తిరిగేసరికి ఆమె చీర దోపుకుని గుంటలోకి దిగి నీళ్లు తోడిపోస్తోంది, నాకు పని సులువు కావాలని. ఆ గూడెంలో ఒక ఆనవాయితీ ఉంది. వాగు ఇసుకలో ఎవరు చెలమ తవ్వినా మిగతావాళ్లు చెయ్యి వెయ్యాలి, మొదటి బిందె తవ్వినవాడికే ఇవ్వాలి. నీళ్ల చోటు బాగుచేసేవాడు అక్కడ తాగేవాళ్ల కోసమే చేస్తాడని ఆమె లెక్క. మరో ఆలోచనే ఆమెకు రాలేదు.

మధ్యలో జొన్న జావ తెచ్చింది. సీసం అంటిన చేతులతో తినకూడదన్నాను. తన బిందె వంచి నా చేతుల మీద నీళ్లు పోసింది. అప్పుడైనా చెప్పాల్సింది. జావ తాగేసి మళ్లీ ఉలి అందుకున్నాను.

పొద్దు వాలేసరికి ఆఖరి చుట్టు బిగిసింది. ఆమె బిందె తోమి తెచ్చి, ఇక మంచి ధార పడుతుందని జాయింటు కింద పెట్టింది.

"మొదటి బిందె నీదే బిడ్డా. మా కాడ గట్లనే ఇస్తం."

ఎదురుగా గొంతుక్కూర్చుంది. ఇంతలో వైర్‌లెస్ గరగరలాడింది. పని ఎంతవరకు వచ్చిందని కమాండర్. ఆమె ముందే జవాబు చెప్పాలి.

"బంద్ అయింది సార్. చుక్క కూడా పోతలేదు. ఓవర్."

ఆమె జాయింటు కింద అరచెయ్యి పెట్టి చూసుకుంది.

"గిదంత మీ క్యాంపుకేనా?"

"అవ్, అవ్వా."

తిట్టినా బాగుండేది. ఆమె జాయింటు కింద నుంచి బిందె తీసుకుంది.

తర్వాత పెట్రోలింగ్‌కు వెళ్లినప్పుడల్లా గూడేనికి క్యాన్లతో నీళ్లు మోశాం. రోజూ కుదిరేది కాదు. కాపలాలో ఉన్న ప్రతి ఉదయం నా చెవులు వాగు వైపే ఉండేవి. పేలుడు వినబడలేదు, దేవుడి దయ. వానలు పడగానే మా బలగాన్ని మార్చారు. అప్పటికీ నల్లా రాలేదు. ఇప్పుడు ఖానాపురం హవేలిలో కిరాయి ఇంట్లో ఉంటున్నాను. అడవిలో ఎన్ని కాల్పులు చూశావని పక్కింటివాళ్లు అడుగుతారు. కాల్పులు చాలావరకు మరచిపోయాను.

మరవనిది ఆ సాయంత్రమే. జోగమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని వాగు దారి పట్టింది. మందుపాతర ఉందని అరిచాను. ఆమె ఆగింది గానీ తిరిగి చూడలేదు.

"ఎరుకే బిడ్డా. ఇంట్ల పిల్లతల్లి ఉన్నది."

నేను సుత్తి చేతబట్టుకుని గుంటలోనే నిలబడిపోయాను. ఆమె ఒక్కో అడుగూ వేస్తూ చెట్లలోకి వెళ్లిపోయింది.