అమావాస్యనాడు చూసిన గది

కడపలో భౌతికశాస్త్రం చెప్పే నాకు, ఆధారం అడగకుండా ఏ మాటనూ ఒప్పుకునే అలవాటు లేదు. అందుకే మా సొంతూరి నేతపేటలో ప్రభుత్వం పిల్లల సంరక్షణ కేంద్రం తెరిచినప్పుడు, దీనితో ఆడవాళ్ళ బతుకులు మారిపోతాయన్న ప్రారంభోపన్యాసాన్ని నమ్మలేదు. చూసి చెబుదామనుకున్నాను.

చూడడానికి దూరం పోనక్కరలేదు. మా పుట్టింట్లో రెండు గుంట మగ్గాలు. ఒకటి తమ్ముడిది, కిటికీ పక్కనున్నది అతని భార్యది. బిడ్డ పాకడం మొదలుపెట్టగానే ఆమె మగ్గం దిగింది. కాళ్ళు గుంటలో, చేతులు పోగు నడిపే నాడె మీద ఉన్న మనిషి, అంచుకు వచ్చే బిడ్డను పట్టుకోలేదు. మా అమ్మకు మోకాళ్ళు వంగవు. ఇక రాట్నం ముందు కూర్చుని మొగుడి మగ్గానికి నూలు కండెలు చుట్టడం మరదలి పనైంది. మజూరీ నేసినవాళ్ళకే, కండెలు చుట్టినందుకు విడిగా ఎవరూ ఏమీ ఇవ్వరు.

కేంద్రం వచ్చాక బిడ్డ పొద్దున్నే అక్కడికి పోయింది, ఆమె మగ్గమెక్కింది. నూలిచ్చి నేయించే షావుకారు ఆమె మజూరీ ఆమె చేతికే ఇచ్చాడు.

"దుడ్లు చేతికొచ్చినాక మీ మరదలు అడిగితే గానీ కాఫీ ఇయ్యడం లేదక్కా" అన్నాడు తమ్ముడు.

"నోరుండాది కదా, అడుగు" అంది ఆమె, నాడె ఆపకుండానే.

ఒక ఇంటిని చూసి సూత్రం కట్టకూడదని వీధంతా తిరిగాను. బిడ్డలు కేంద్రానికి పోయిన ఇళ్ళలో ఆడవాళ్ళ మగ్గాలు ఆడుతున్నాయి. ఉపన్యాసం నిజమేనని, కొంత అయిష్టంగానే, ఒప్పుకున్నాను.

ఆ తరువాత తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. వచ్చింది అమావాస్యనాడు. ఆ రోజు మా పేటలో ఎవరూ మగ్గం ముట్టరు. తల్లులు పని లేకుండా ఉంటారు గనుక బిడ్డలూ ఇంట్లోనే ఉంటారు. ఆయా ఒక్కతే కూర్చున్న గదిని చూసి, ఈ కేంద్రం ఎవరికీ అక్కర్లేదని అతను తేల్చాడు. నేను కడపలో అతని కార్యాలయానికి వెళ్ళాను.

"కళ్ళారా చూసినా మేడం. ఒక్క పిల్ల లేదు."

"మీరు చూసింది అమావాస్యనాడు. మామూలు రోజు ఒకసారి రండి."

"సైన్సు చెప్పేవాళ్ళు, మీరు గూడా అమావాస్య అంటే ఎట్ల మేడం?" అని నవ్వాడు. "మన సీమ ఆడోళ్ళు బిడ్డను పరాయి చేతుల్లో పెట్టరు. మన పద్ధతి అది."

ఒకే ఒక్క పరిశీలన, అదీ ఏ ఫలితమూ కనపడే వీలులేని రోజున. నా విద్యార్థి ఈ పని చేస్తే ప్రయోగం మళ్ళీ చేయిస్తాను. ఇతని చేత చేయించగలవాళ్ళెవరో వెతుక్కుంటూ గది తరువాత గది తిరిగాను. ప్రతి గదిలోనూ నివేదిక పైకి వెళ్ళిపోయిందన్నారు. కేంద్రానికి తాళం పడింది.

మరదలు కొన్నాళ్ళు బిడ్డను పాత చీరతో గుంజకు కట్టి నేసింది. ఒకనాడు ముడి వదులై బిడ్డ గుంటలోకి జారింది. నుదురు చిట్లింది. దెబ్బ అంతటితో పోయింది.

ఆ తరువాతి ఆదివారం నేను వెళ్ళేసరికి ఆమె మగ్గం కట్టెలు గోడకు ఆనించి ఉన్నాయి. తమ్ముడు గుంటలో మన్ను పోస్తున్నాడు.

"పూడ్చొద్దురా. పిల్ల బడికి పోయే దినం రాదా?" అన్నాను.

"అంతలోకి ఇంకోటి పుట్టదా అక్కా?"

మరదలు బిడ్డను చంకనేసుకుని వచ్చింది.

"పోయనీలే వదినా. గుంట కనపడితే కూర్చోవాలనిపిస్తాది" అంది. కొత్త మన్ను మీద నిలబడి, మడమతో తొక్కి చదును చేస్తూ మొగుడితో అంది: "కిటికీ వెలుతురు ఈడనే బాగుండాది. రాట్నం ఈడికి జరుపు."