మూల గడిలో వేరేవాళ్ళ లోగో

మా అక్క మొగుడు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందుగా చెప్పకపోతే మా అక్క నాతో మాట్లాడదు. కానీ ఆయన చేసిన పని మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బావ ముప్పై ఏళ్ళుగా ఒకే డిజైన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఫ్యాక్టరీ షెడ్లు, నీళ్ళ ట్యాంకులు కంప్యూటర్ మీద గీస్తాడు. ప్రతి షీటులోనూ కుడివైపు కింది మూలన టైటిల్ బ్లాక్ అని గళ్ళ పెట్టె ఒకటి ఉంటుంది. డ్రాయింగు పేరు, నంబరు, గీసినవారు, సరిచూసినవారు, అన్నిటికంటే పైన పని చేయించుకునే కంపెనీ లోగో. పెళ్ళయిన కొత్తలో మా అక్కను సినిమాకి తీసుకెళ్ళి, ఇంటర్వెల్లో ఆ పెట్టె గురించే చెప్పాడట. అయినా ఆవిడ కాపురం చేసింది.

బావకు పని నేర్పింది ఆఫీసులో డ్రాయింగులు సరిచూసే పెద్దావిడ. కంప్యూటర్లు రాకముందు ఇంకు పెన్నుతో అక్షరాలు దిద్దిన చెయ్యి. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తుందని వెనకాల అందరూ ఆవిడను భూతద్దం అనేవారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, కాస్త గర్వం కూడాను.

లోగో దగ్గర మాత్రం గురువుకీ శిష్యుడికీ పడేది కాదు. బొమ్మను డ్రాయింగులోనే ఇమిడ్చిపెట్టమని ఆవిడ పోరు. బావ వినేవాడు కాదు. బొమ్మను విడిగా ఒక ఫైలుగా ఉంచి, అది ఎక్కడుందో డ్రాయింగుకు చెప్పి వదిలేసేవాడు. పైగా ఏ కంపెనీదైనా ఆ ఫైలు పేరు ఒకటే, "లోగో". ఒక్కో కంపెనీ ఫోల్డర్లో ఒక్కోటి. పాత షీట్లను కొత్త కంపెనీ ఫోల్డర్లోకి కాపీ చేస్తే చాలు, మూలన కొత్త లోగో దానంతటదే వచ్చి కూర్చుంటుంది. నలభై షీట్లుంటే నలభై సార్లు మార్చక్కర్లేదు. దీన్ని ఆయన తెలివి అనేవాడు. నా బుద్ధి గడ్డి తిని నేనూ మెచ్చుకున్నాను.

తొమ్మిదేళ్ళ కిందట ఆఫీసుకు రెండు పెయింట్ల కంపెనీల పనులు ఒకేసారి వచ్చాయి. ఆ రెండింటికీ ఉప్పూ నిప్పూ. రెండో కంపెనీ షీట్లు నలభై. పెద్దావిడ ఒక్కొక్కటీ తెర మీద చూసి, సరిచూసినవారి గడిలో తన పొడి అక్షరాలు వేయించింది. ఆ తర్వాత బావకు మొదటి కంపెనీ ఫోల్డర్లో ఉన్న మెట్ల డ్రాయింగు కావలసి వచ్చింది. అదొక్కటే తెచ్చుకుంటే సరిపోయేది. బద్ధకించి ఫోల్డరంతా ఎత్తి రెండో కంపెనీ ఫోల్డర్లో పడేశాడు. అదే పేరుతో ఫైలుంది, దాని మీద రాయమంటావా అని కంప్యూటర్ అడిగితే రాయమన్నాడు. షీట్ల పేర్లు వేరు కాబట్టి వాటికేమీ కాలేదు. లోగో పేరే ఒకటి. చూడకుండా ప్రింట్లు తీసి పంపించాడు, నలభైటి మీదా పోటీ కంపెనీ లోగోతో.

ఆ కంపెనీవాళ్ళు షీట్లు వెనక్కి పంపి, పని ఇంకొకరికి ఇచ్చేశారు. యజమాని పెద్దావిడను పిలిచి, ఏం సరిచూశారని అడిగాడు. నేను చూసినప్పుడు బాగానే ఉందండీ అని ఆవిడ. షీట్ల మీద ఆవిడ అక్షరాలున్నాక ఆ మాట ఎవరు నమ్ముతారు? బావ పక్కనే నిలబడి ఉన్నాడు. షీట్లు తిరిగొచ్చిన నిమిషంలోనే ఫోల్డర్ తెరిచి సంగతి గ్రహించాడు కూడా. కానీ ఆయన్ని హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ చేస్తారన్న మాట అప్పుడే నడుస్తోంది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

ఆవిడను ఎవరూ పొమ్మనలేదు. నెల తిరక్కుండా తనే మానేసింది. వెళ్ళేరోజు బావ బల్ల దగ్గరికి వచ్చి, "నా కళ్ళకేదో అయింది బాబూ. ఇక నన్ను నేనే నమ్మలేను," అంది. అప్పుడైనా నోరు తెరవచ్చు కదా. తెరవలేదు. హెడ్ అయ్యాడు.

ఇదంతా నాకు మొన్నటిదాకా తెలియదు. రిటైర్మెంట్ దగ్గరపడి, బావ కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతుంటే నిలదీశాను. చెప్పి ఏడ్చాడు. నాకు జాలి వేయలేదు, ఒళ్ళు మండింది.

"నాకు చెప్పి ఏం లాభం బావా? ఆవిడకి చెప్పు," అని మర్నాడే బయలుదేరదీశాను.

ఆవిడ చెల్లెలి కొడుకు దగ్గర, ఓ మూడో అంతస్తు ఇంట్లో ఉంటోంది. బావను చూడగానే గుర్తుపట్టి కుర్చీలు వేసింది. బావ నేల చూస్తూ మొత్తం చెప్పాడు, ఏ డ్రాయింగు కోసం ఏ ఫోల్డర్ ఎత్తాడో సహా. ఆవిడ అడ్డు రాలేదు. అయ్యాక ఒక్కటే అడిగింది.

"అయితే నేను చూసినప్పుడు సరైన లోగోనే ఉందా?"

"ఉంది మేడమ్. నలభైటిలోనూ ఉంది."

అప్పుడు ఆవిడ చెప్పుకొచ్చింది. ఆ ఏడాదే ముగ్గురు కంటి డాక్టర్లకు చూపించుకుందట. కళ్ళు బాగున్నాయని ముగ్గురూ అంటే, లోపం బుర్రలో ఉందనుకుందట. తర్వాత రెండు ఆఫీసులు పనికి పిలిచినా వెళ్ళలేదు. ఇంటికి ఏ కాగితం వచ్చినా కోడలు చదివాకే సంతకం. ఇంట్లో చిన్నపిల్ల లెక్కలు దిద్దమని తెచ్చినా పక్కన పెట్టేసేదట. మాటల్లో నిష్ఠూరం లేదు. తిడితే బావ కొంత తేలికపడేవాడేమో. ఆవిడ తిట్టలేదు.

వంటగది వైపు తిరిగి కోడల్ని పిలిచింది. "అమ్మాయ్, ఇలా రా. ఆ రోజు నేను సరిగ్గానే చూశానట."

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏ రోజు అత్తయ్యా అని అడిగింది. ఆవిడ ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోనే లేదు.