కొలత దిమ్మ

మా నాయన మాసయ్యకు కోపం వస్తే నోరు పెగలదు. గోడకు ఆనించిన గడ్డపార అందుకుని ఎక్కడో ఒకచోట నేలలో నాలుగు పోట్లు పొడిచి వస్తాడు. పోయిన ఎండాకాలం మా తమ్ముడు పాల్ ఫోన్ చేసి, "అక్కా, నాయిన పొద్దుగాల్నుంచి పెరట్ల ఊకెనే గుంత తవ్వుతుండు. జర వచ్చిపో" అన్నాడు. గద్వాలలో నేను పనిచేసే బట్టల దుకాణంలో అప్పుడు పెళ్లిళ్ల గిరాకీ. సేటును బతిమాలుకుని, బస్సులు మారి, వనపర్తి అవతల ఉన్న మా ఊరికి పోయాను.

గొడవంతా మా చెలక గురించే. మాకున్న మెట్టపొలం అదొక్కటే. కాలువ నీళ్లు మా గట్టు దాకా వచ్చాయి గానీ చెలక ఎత్తు మీద ఉంది. నీళ్లు పారాలంటే నడుము లోతు తవ్వి నేలను కిందికి దింపాలి. పాల్ జేసీబీ మాట్లాడుకున్నాడు. నాయన వీల్లేదన్నాడు. ఎందుకంటే ఆ చెలకలో అన్నిటికన్నా ఎత్తైన మూలన మా అమ్మ రంగమ్మ సమాధి ఉంది.

ఆ మూలను ఎంచింది నాయనే. అమ్మ పోయిన రోజు ఎవరేం చెప్పినా వినలేదు. "రేపు నీళ్లొస్తే కింద తడుస్తది. పైన పండనియ్యిండ్రి" అన్నాడు. జీవితమంతా ఎత్తుపల్లాలు చూసుకుంటూ మట్టి తవ్విన మనిషికి, నీళ్లొచ్చేనాడు ముందు తెగేది ఎత్తు మూలేనని తోచలేదు. దుఃఖంలో బుద్ధి పనిచేయదు, అంతే.

సమాధి మీద పాల్ సిలువ పెట్టాడు. పక్కనే నాయన ఒక రాయికి పసుపు రాశాడు. ఆదివారం చర్చికీ, మంగళవారం ఈదమ్మ గుడికీ పోయిన అమ్మకు రెండూ చెల్లుతాయి.

నాయన గుంపుమేస్త్రి. పాలమూరు నుంచి కూలీలను వెంటబెట్టుకుని, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి పోయేవాడు. మహారాష్ట్ర, గుజరాత్, ఒరిస్సా, చివరికి పేర్లు కూడా పలకరాని ఊళ్లు. అమ్మ తట్ట మోసేది. నేను నడక నేర్చింది ఏ కాలువ గట్టు మీదో ఇద్దరికీ గుర్తు లేదు. పాల్ పుట్టింది మాత్రం గుర్తుంది. కాన్పు కష్టమైతే చర్చివాళ్ల దవాఖానలో గట్టెక్కింది, అందుకే అమ్మ ఆ పేరు పెట్టుకుంది.

మట్టి పనికి ఒక పద్ధతి ఉంది. తవ్వే చోట అక్కడక్కడా మనిషి కూర్చునేంత జాగా తవ్వకుండా దిమ్మలా వదిలేస్తారు. పాత నేల ఎంత ఎత్తున ఉండేదో ఆ దిమ్మను చూస్తే తెలుస్తుంది. కొలతల సారు వచ్చి దిమ్మ పైనుంచి కింది దాకా టేపు పట్టి, ఎంత లోతు తవ్వారో రాసుకుంటాడు; ఆ లోతును బట్టే కూలి. అప్పటిదాకా దాన్ని ముట్టకూడదు. కొలత అయ్యాక కొట్టేస్తారు.

మా అమ్మ ఘనకార్యం ఇక్కడే. సార్లు అన్నానికి పోయిన సందు చూసి, దిమ్మ నెత్తిన తట్టెడు మట్టి పోసి, చేత్తో చరిచి, పైన గడ్డితో సహా పెళ్లగించిన నేల చెక్క కప్పేది. వాళ్లు తిరిగొచ్చేసరికి దిమ్మ జానెడు పెరిగి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉండేది. నాయన మాత్రం ప్రతిసారీ కనిపెట్టి, ఆ మట్టిని తోసేసేవాడు.

"నా గుంపుల దొంగ కొలత నడ్వదు."

"మోసేది నేను. ఎంత మోసిన్నో నా నెత్తికి తెల్వదా?" అనేది అమ్మ.

ఆ పూటకు ఇద్దరికీ మాటలు బంద్. వాళ్ల కాపురంలో తగువంటే ఇదే. కాలువ కాలువకూ మోసుకుపోయారు.

నేను పోయేసరికి పెరట్లో గుంత మోకాలు దాటింది. పాల్ గట్టున కూర్చుని బతిమాలుతున్నాడు.

"నాయినా, నీళ్లు పారితే నేను హైదరాబాద్ కూలికి పోయేది తప్పుతది. నా పిల్లలు గూడ నా లెక్కనే గుడారాలల్ల పెరగాల్నా? అమ్మను మెల్లగ తీసి గట్టు మీద పెడదం. పాస్టరుగారిని గూడ అడిగిన."

"మోసి మోసి ఇప్పుడే జర పండింది. మల్ల లేపుతనంటవా?" అన్నాడు నాయన, తలెత్తకుండా.

ఇద్దరిదీ న్యాయమే, నాకు మాత్రం ఒళ్లు మండింది. బస్సులో నిలబడి వచ్చిన మంట కూడా అందులో కలిసింది.

"ఏంది నాయినా గిది? దేశం మీదున్న కాలువలన్నిట్ల దిమ్మలు ఇడిసినవ్. సొంత ఇంటి మనిషికి ఒక్క దిమ్మ ఇడ్వరాదా?" అని అరిచాను.

అరిచాక నాకే భయమేసింది. నాయన గుంతలోంచి పైకొచ్చి, చేతులు కడుక్కుని, అన్నం పెట్టమన్నాడు.

మర్నాడు జేసీబీ వచ్చింది. నాయన సమాధి చుట్టూ తాడు కట్టి, "ఇది దాటొద్దు" అన్నాడు. తాడు దగ్గర మట్టిని మాత్రం తనే చెక్కాడు. చెలకంతా దిగిపోయాక ఆ మూలన ఒక్క దిమ్మ నడుమెత్తున మిగిలింది. పైన సిలువ, పక్కన పసుపు రాయి.  పాల్‌కు నీళ్లు కావాలి, తల్లీ కావాలి. రెండూ దక్కాయి.

శ్రావణంలో కాలువకు నీళ్లు వదిలారు. మడి తడుస్తుంటే చూడాలని మళ్లీ పోయాను. నీళ్లు దిమ్మను చుట్టుకుని అవతలికి పారుతున్నాయి. పాల్ పిల్లలు బురదలో దొర్లుతున్నారు. నాయన ఎక్కడా అని చూస్తే దిమ్మ దగ్గర ఉన్నాడు. అమ్మ పాత తట్టతో మట్టి తెచ్చి, సమాధి మీద పోసి, చేత్తో చరుస్తున్నాడు. పక్కన గడ్డి చెక్కలు కోసి పెట్టుకున్నాడు.

"వానకు మట్టి రాలిందా నాయినా?" అన్నాడు పాల్.

"రాలలె."

"మరి గదేం పని? కొలిచేటోళ్లు ఎవరున్నరిప్పుడు?"

నాయన గడ్డి చెక్కను దిమ్మ నెత్తిన కప్పి, అంచులు వేళ్లతో అదిమాడు.

"ఎవరన్న కొలవనీ. ఇన్నేండ్లు మీ అమ్మ మోసింది తక్వ జేసి చూపిచ్చిన" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. కొంగును చుట్టగా చేసి నెత్తిన పెట్టుకున్నాను. పాల్ తట్ట నింపి నా నెత్తికెత్తాడు.